బర్చ్‌నెక్ గట్టు మీది ఎనిమిది స్థలాలు మూయించమని

ఉత్తర ప్రాంత ఉద్యానవనాల అధికారి గారి సముఖమునకు, బర్చ్‌నెక్ స్టేట్ పార్కు క్యాంపు హోస్టు ఎయినార్ సిపోలా వ్రాసుకొన్న అర్జీ.

గురువారం, ఆగస్టు 28.

విషయం: సుపీరియర్ సరస్సు గట్టు మీద గల 22 నుంచి 29 వరకు విడిది స్థలాలను రేపు మధ్యాహ్నం లోపు ఖాళీ చేయించి, మూసివేయుట గురించి.

అయ్యా,

వచ్చే సోమవారం, సెప్టెంబరు ఒకటి, కార్మిక దినం; రేపటి నుంచే సెలవులు. పైన చెప్పిన ఎనిమిది స్థలాలూ బుకింగు అయిపోయాయి. నా లెక్క ప్రకారం, ఇప్పటికే దిగినవాళ్ళతో కలిపి, వాటిలో ముప్పై ఒక్కమంది ఉండబోతున్నారు. అందులో పదమూడుమంది పిల్లలు. శనివారం ఈశాన్యం నుంచి పెద్ద గాలి ఉందని రేడియోలో చెబుతున్నారు. ఆ గాలికి గట్టు నిలవదని నా భయం. ఎందుకు నిలవదో, అది తమ కాగితాలలో ఎందుకు కనబడదో ఈ కింద మనవి చేసుకొంటున్నాను.

1. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు బావులు తవ్వే యంత్రం మీద పనిచేశాను. మట్టి గురించి నాకు తెలిసినదంతా ఆ యంత్రం పైకి తెచ్చినదాన్ని చేత్తో పట్టి చూసి నేర్చుకున్నదే. 2014 నుంచి ప్రతి ఏడాదీ మంచు కరగకముందు వచ్చి, అక్టోబరు దాకా పార్కులో నా ట్రైలర్‌లోనే ఉంటున్నాను. మరుగుదొడ్లు కడగడం, పొయ్యిల్లో బూడిద ఎత్తడం, వచ్చినవాళ్ళకు వాళ్ళ స్థలం చూపించడం నా పని. రోజూ సాయంత్రం ఐదు గంటలకు ఆ రోజు గాలి ఎటు వీచింది, నీరు ఎంత ఎత్తున ఉంది, ఎవరు ఏ స్థలంలో దిగారు అన్నది నోటుపుస్తకంలో రాస్తాను. 26వ నంబరు స్థలం దగ్గర, రోడ్డు పక్కన పాతిన నంబరు కొయ్య నుంచి గట్టు అంచు దాకా టేపు పెట్టి కొలుస్తాను. కొలవమని ఎవరూ చెప్పలేదు. అలవాటు.

2. ఆ కొలత 2014 మే నెలలో నూట పన్నెండు అడుగులు. నిరుటి అక్టోబరుకు డెబ్భై ఆరు. ఈ ఆగస్టు పదహారున డెబ్భై మూడు. నిన్న సాయంత్రం అరవై నాలుగు. అంటే పన్నెండు రోజులలోపే తొమ్మిది అడుగులు పోయింది.

ఆర్వీలు, అంటే ఇల్లులాంటి పెద్ద బండ్లు, నిలపడానికి పరిచిన కంకర, కొయ్య నుంచి యాభై ఎనిమిది అడుగుల దాకా ఉంది. దాని వెనక ఇక ఆరడుగులే మిగిలింది. ఆ ఆరడుగులు కూడా నిజానికి లేవు. సోమవారం ఉదయం నేను అంచు దగ్గర బోర్లా పడుకొని కింద కర్ర పెట్టి చూశాను. నాలుగడుగుల కర్ర మొత్తం లోపలికి పోయింది. కింద అలలు ఇసుకను తినేశాయి. పైన గడ్డి, వేళ్ళు చాపలాగా పట్టుకొని ఉన్నాయి. పై నుంచి చూస్తే చక్కటి పచ్చిక. దాని మీద కుర్చీలు వేసుకొని కూర్చుంటారు.

3. ఈ అంశం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తమ కార్యాలయం నుంచి ప్రతి ఏప్రిల్‌లో తనిఖీకి వస్తారు. అప్పటికి ఇక్కడ మోకాలి లోతు మంచు ఉంటుంది. కంకర కనబడదు, బండ్లు ఉండవు. ఫారంలో గట్టు గురించి ఒక్కటే గడి ఉంది: స్థలంలోని ఇనుప పొయ్యి నుంచి అంచుకు దూరం. ముప్పై అడుగులు ఉంటే స్థలం తెరవవచ్చు. తగ్గితే మూసివేయాలి. పదకొండేళ్ళుగా ఎనిమిది స్థలాలకూ ఆ గడిలో ముప్పై అనే ఉంది. ఆ అంకె అబద్ధం కాదు. ముప్పయ్యే ఉండేది.

ఎందుకంటే ప్రతి ఏడాదీ తనిఖీకి వారం ముందు నేను మంచు తవ్వి, ఆ పొయ్యిలను గునపంతో లేపి, గట్టు ఎంత వెనక్కి వస్తే అంత వెనక్కి జరిపేవాణ్ణి.

మొదటి ఏడాది అప్పటి రేంజరు హ్యాక్‌బార్త్ గారు చెప్పారు. "ఇరవై ఎనిమిది ఉంటే మూసేస్తారు ఎయినార్. నీళ్ళ పక్క స్థలాలు లేకపోతే ఈ పార్కుకి ఎవడొస్తాడు? రెండడుగులు జరుపు, పోయేదేముంది?" అన్నారు. జరిపాను. ఆయన పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది. తర్వాత ఎవరూ చెప్పకపోయినా జరుపుతూనే ఉన్నాను. పార్కు తెరిచే ముందు చేయవలసిన పనులలో అదీ ఒకటి అనుకున్నాను. నీళ్ళ గొట్టాలు కడగడం, బల్లలకు రంగు వేయడం, పొయ్యిలు జరపడం. 26వ స్థలంలో పొయ్యి మొదట కొయ్యకు ఎనభై రెండు అడుగుల దూరంలో ఉండేది. ఈ ఏప్రిల్‌లో నేను దాన్ని నలభై ఆరు దగ్గర పెట్టాను. పొయ్యి కంకర పక్కకు వచ్చేసింది. అప్పుడైనా నాకు తట్టవలసింది.

గట్టు కదలలేదని తమ కాగితం చెబుతున్నది. కదలనట్టు కనబడేలా చేసినది నేను.

4. పోయిన ఇన్నేళ్ళలో ఎంతోమంది స్థలం ఎంచుకోవడానికి నన్నే అడిగారు. ఆరు నెలల ముందు పొద్దున ఎనిమిది గంటలకు బుకింగు తెరుచుకుంటుంది. నాలుగు నిమిషాల్లో గట్టు స్థలాలు అయిపోతాయి. అందుకని జనం ముందే ఫోను చేసి, ఏది సమంగా ఉంటుంది, దేనికి నీడ ఉంది, పక్కవాళ్ళ పొగ దేనికి రాదు అని అడుగుతారు. నేను నోటుపుస్తకం చూసి చెబుతాను. గుడారాల వాళ్ళను లోపల బర్చి చెట్ల కిందికి పంపేవాణ్ణి, గాలి తగలదని. ఆర్వీల వాళ్ళను గట్టు మీదికి పంపేవాణ్ణి, అక్కడ కంకర ఉందని. తేలిక వాళ్ళను గట్టి నేల మీదికి, నాలుగేసి టన్నుల బండ్లను బోలు నేల మీదికి. పుస్తకం చూసుకొని మరీ పంపాను.

5. నేను చేసిన ప్రయత్నాలు. సోమవారం మా రేంజరు డార్లా గారికి చెప్పాను. ఆమె మంచి మనిషి, ఆ రోజే పైకి రాశారు. మంగళవారం జవాబు వచ్చింది. ఆమె నాకు చదివి వినిపించారు.

"2014 నుంచి ఏ మార్పూ లేదంట. వచ్చే ఏప్రిల్ తనిఖీలో చూస్తారంట."

"డార్లా, నువ్వొచ్చి చూశావు గదా."

"చూశాను. చూసింది నేను. కంప్యూటర్లో ముప్పై అని ఉంది. దాన్ని కాదనడానికి నా దగ్గరేముంది ఎయినార్? నీ కర్రా?"

ముప్పై ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు కూడా ఆమెకు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం కంకర చివర పసుపు తాడు కట్టాను. 28లో దిగిన ఒకాయన, బస్సంత బండి, సాయంత్రానికి దాన్ని చుట్టచుట్టి నా ట్రైలర్ మెట్టు మీద పెట్టాడు.

"పెద్దాయనా, ఫిబ్రవరిలో పొద్దున్నే లేచి, మా ఆవిడ ఒక ఫోనూ నేనొక ఫోనూ పట్టుకుని సంపాదించాం ఈ స్థలం. నీ తాడు చూడ్డానికా?"

"గట్టు కింద ఖాళీ ఉందండీ."

"నా బండికి ఇన్సూరెన్సు ఉందిలే," అని నవ్వాడు. ఆయన భార్య కూడా నవ్వింది. వాళ్ళ మనవరాలు ఆ పచ్చిక మీద పిల్లిమొగ్గలు వేస్తోంది. నేను లోపలికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

అయ్యా, నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు. పిల్లలు ఆడుకునే చప్పుడు వింటే గుండె దడగా ఉంటోంది. ఆగిపోతే ఇంకా ఎక్కువగా ఉంటోంది.

6. బెర్నీస్ ట్రెంబాత్ గారి సంగతి. ఆమెకు డెబ్భై ఒకటి. పందొమ్మిదేళ్ళుగా ఈ సెలవులకు మా పార్కుకే వస్తున్నారు. మొదట గుడారంలో వచ్చేవారు, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ట్రైలర్ కొన్నారు. ఫిబ్రవరిలో నాకు ఫోను చేసి "ఈసారి ఏది?" అని అడిగితే, ఇరవై ఆరు అని నేనే చెప్పాను. మంగళవారం సాయంత్రమే వచ్చేశారు, కొడుకు వెండెల్‌నీ ఇద్దరు మనవలనీ వెంటబెట్టుకొని. ఎప్పటిలాగే నాకు మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీలు నాలుగు గుడ్డలో చుట్టి తెచ్చారు. నేను అందుకోలేదు.

"బెర్నీస్ గారూ, ఇరవై ఆరులో దిగవద్దు."

"నువ్వే కదయ్యా చెప్పావు, దాన్ని మించింది లేదని."

"చెప్పాను."

"మరి?"

"గట్టు పడిపోతుంది."

"ఎవరన్నారు? డార్లానా? ఆఫీసు వాళ్ళా?"

"ఆఫీసు వాళ్ళు పడదంటున్నారు. వాళ్ళకి తెలీదు. తెలియకుండా చేసింది నేనే."

పొయ్యిల సంగతి చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. వెండెల్ బండి దిగి అక్కడే నిలబడిపోయాడు. ఆమె నా ముఖంలోకి చూశారు.

"పదకొండేళ్ళా?"

"పదకొండేళ్ళు."

"పోయినేడాది మా చిన్న మనవరాలు అక్కడే కదా గుడారం వేసుకుంది. అంచు మీద."

"అవునండీ. నా పుస్తకంలో ఉంది."

ఆమె కొడుకు వైపు తిరిగి, "బండి ఇరవై ఆరులోకి తీసుకెళ్ళకు. ఆ చెత్తడబ్బాల పక్కన ఖాళీ ఉంది, అక్కడ పెట్టు," అన్నారు. వెళ్ళబోతూ నాతో అన్నారు: "మిగతావాళ్ళు నువ్వు చెప్తే వినరు ఎయినార్. నిన్ను వాళ్ళకి తెలీదు. నాకు చెప్పినట్టే కాయితం మీద రాయి. పొయ్యిలతో సహా రాయి. తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టు."

అందుకని రాస్తున్నాను.

కావున తమరిని వేడుకొనేది:

22 నుంచి 29 వరకు ఉన్న స్థలాలు రేపు మధ్యాహ్నానికి మూయించాలి. అక్కడివాళ్ళను పార్కులోని బేస్‌బాల్ మైదానంలోకి మార్చవచ్చు. నేను అడుగులు వేసి చూశాను, పన్నెండు బండ్లు పడతాయి. నీళ్ళ గొట్టం దూరం, కాని ఉంది. నన్ను నమ్మనక్కరలేదు. ఒక మనిషిని పంపి కొలిపించండి. పొయ్యి నుంచి మాత్రం కొలవవద్దు. రోడ్డు పక్క కొయ్య నుంచి కొలవమనండి. ఆ కొయ్యలను నేను ఎన్నడూ ముట్టుకోలేదు. పదకొండు నోటుపుస్తకాలూ దీనితో జతచేస్తున్నాను. నా పని పోయినా, నా స్థలం పోయినా, ఇంకా ఏ శిక్ష వేసినా దాని గురించి మరొక అర్జీ పెట్టను. డార్లా గారికి ఇందులో ఏ పాత్రా లేదు.

శనివారం గాలి రాకముందే తమరు దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎయినార్ సిపోలా

మళ్ళీ మనవి: ఇది తమ కార్యాలయం వరండాలో బల్ల మీద కూర్చొని పెన్సిలుతో రాస్తున్నాను. తొంభై మైళ్ళు నడుపుకొని రెండు గంటలకు వచ్చాను. కిటికీ దగ్గరి అమ్మాయి అర్జీ తీసుకొని ముద్ర వేసింది. ఈ చివరి కాగితం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

"పది పనిదినాల్లో జవాబొస్తుందండీ. సెలవులు కదా, మంగళవారం తర్వాత లెక్క మొదలవుతుంది."

"నేను కూర్చుంటానమ్మా."

"సారు మీటింగులో ఉన్నారు. మీకు అపాయింట్‌మెంట్ లేదు."

"లేదు. కూర్చుంటాను."

కాఫీ తెచ్చి ఇచ్చింది. తాగలేకపోయాను.

ఐదయింది. నేను కొలవని మొదటి రోజు ఇది. ఇప్పుడే బెర్నీస్ గారు ఫోను చేశారు. నా ట్రైలర్‌లో టేపు తీసుకొని, వెండెల్‌ని అవతల నిలబెట్టి కొలిచారట.

"నిన్న ఎంత?"

"అరవై నాలుగు."

టేపు చుట్టుకొంటున్న చప్పుడు వినబడింది.

"అరవై ఒకటి," అన్నారు. "రెండుసార్లు చూశాం. ఇంకా గాలే లేదు కదయ్యా."

"వెండెల్‌ని వెనక్కి రమ్మనండి."

"వచ్చాడు. ఇదుగో, ఇరవై నాలుగులోకి ఎవరో వచ్చారు. నేను అడ్డం నిలబడి చెప్తే నన్ను తప్పించుకుని వెళ్ళారు. బండి వెనక్కి పెడుతున్నారు. వెనకాల నుంచుని ఒక పిల్ల రా రా అని చెయ్యి ఊపుతోంది. నువ్వెక్కడున్నావు?"

"సారు గది తలుపు బయట ఉన్నాను," అన్నాను.

అయ్యా, ఈ కాగితాన్ని తలుపు కింది నుంచి లోపలికి తోస్తున్నాను. అర్జీ మొత్తం చదవనక్కరలేదు. బయటికి రండి.