నడుము పెరిగిన పాలసీలు

గేరీ, ఇండియానా
2009 మార్చి 3

గ్రే హెరన్ బీమా కంపెనీ పెద్దలకు,

నా పేరు స్టమాటియా వ్రూట్సిస్. వయసు ఎనభై ఒకటి. మాది గ్రీసు దేశంలోని కార్పథోస్ దీవి. ఈ ఊరు వచ్చి యాభై ఏళ్ళయింది. ఇంట్లో ఉండేది నేను, గోడ మీద ఫోటోలో మా ఆయన పాంటెలిస్, ఒంటికన్ను పిల్లి. కింద డ్రై క్లీనింగ్ కొట్టు, పైన కాపురం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి ఓడెల్ ట్రాస్క్ రాస్తున్నాడు. పోస్ట్‌మన్‌గా పనిచేసి దిగిపోయాడు. ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ ఉత్తరాలు మోశాడు గాని రాయడం ఇదే మొదలు.

బట్టలు ఉతికిన మందు మురికిపడ్డాక పెరట్లో పారబోసేదాన్ని. కలుపు చస్తుందని మందు అమ్మినవాడే చెప్పాడు. చచ్చింది. అదే మట్టిలో వంకాయలు పండించి, వీధంతా పంచి, అంతా నా చేతి మహిమే అని మురిసిపోయాను. ఇప్పుడు ఆ మందు నేలలోకి దిగి ఓడెల్ నేలమాళిగ దాకా పాకిందట. మట్టి శుభ్రం చేయించకపోతే కొట్టూ ఇల్లూ వేలం వేస్తామని రాష్ట్రం వాళ్ళు నోటీసు అంటించారు. అంటించడానికి వచ్చిన రొవేనా పైక్ అనే అమ్మాయే ఒక దారి చెప్పింది. మందు పారబోసిన రోజుల్లో, మన వల్ల ఇతరులకు జరిగే నష్టం కట్టే బాధ్యత బీమా ఉండి ఉంటే, ఆ పాత పాలసీలే ఈనాటి ఖర్చు భరించాలట. 1962 నుంచి మాకు బీమా ఇచ్చింది మీరే. మీ ఐదో అంతస్తు ఆఫీసుకు వచ్చి మా ఆయన సంతకం పెట్టాడు. కనుక మీరు వచ్చి నా మట్టి కడగండి.

ఇట్లు,
స్టమాటియా

తా.క. ఆ వంకాయలు ఓడెల్ కూడా తిన్నాడు. ఆరోగ్యం బాగానే ఉంది, చేతిరాత ఒక్కటే పాడైంది.

*

మార్చి 11

శ్రీమతి వ్రూట్సిస్ గారికి,

మీ ఉత్తరం అందింది. మా ఆఫీసు ఏనాడూ ఐదో అంతస్తులో లేదు. మొదటి నుంచీ ఆరో అంతస్తే. మీకు పాలసీ ఇచ్చినట్టు మా వద్ద ఆధారం కనిపించలేదు. మీ వద్ద ఉంటే పంపగలరు.

భవదీయుడు,
లోవెల్ ప్రెంటిస్, క్లెయిముల విభాగం

తా.క. మీ కవరుకు ఒక స్టాంపు ఎక్కువ అతికించారు. వాడనిది ఒకటి వాపసు పంపుతున్నాను.

*

మార్చి 16

ప్రెంటిస్ బాబుకు,

స్టాంపు అందింది. ముప్పై ఏళ్ళ సర్వీసు చేసినవాడు కదా, ఓడెల్ సిగ్గుపడి ఒక పూట అన్నం మానేశాడు.

పాలసీ ఏమైందో చెబుతాను, నవ్వకండి. మీ ఏజెంటు క్లైడ్ హాన్లన్ ఏటా కొత్త పాలసీతో పాటు కొత్త నడుమూ తెచ్చేవాడు. "అమ్మా, ఈసారి కాస్త వదులుగా కుట్టు" అనేవాడు. "మీ కంపెనీ బాగా మేపుతోంది నాయనా" అనేదాన్ని. పంట్లాం గుడ్డ కత్తిరించాలంటే ముందు కాగితంతో అచ్చు కోసుకోవాలి. గడువు దాటిన పాలసీ చచ్చిన కాగితమే కదా అనుకున్నాను. నిరుటి పాలసీ పేజీలు జిగురుతో అతికి, దానితోనే అతని అచ్చు కోసేదాన్ని. చదువుకున్నవాళ్ళు కాగితంలో ఏముందో చూస్తారు. నేను దళసరిగా ఉందా లేదా అని చూశాను. నా ఇంటిని నా కత్తెరతో నేనే కోసుకున్నాను, అదీ ఇంకొకడి పిరుదుల కొలతకు.

పెట్టెలో పన్నెండు ముక్కలు దొరికాయి. పంపుతున్నాను.

స్టమాటియా

తా.క. 1974 ముక్క జాగ్రత్తగా విప్పండి, పెద్దది. ఆ ఏడే క్లైడ్ పెళ్ళి చేసుకున్నాడు.

*

మార్చి 25

శ్రీమతి వ్రూట్సిస్ గారికి,

మీరు పన్నెండు ముక్కలు అన్నారు. పదకొండే ఉన్నాయి. మా టపా విభాగం వీటిని బట్టల నష్టం కింద నమోదు చేసింది. మీ పంట్లాములకు జరిగినదానికి విచారిస్తున్నాం. ముక్కల మీద మా షరతులు కనిపిస్తున్నాయి గాని, పాలసీ ఎవరికి ఇచ్చామో ఆ పేరు ఉండవలసిన ప్రతి చోటా జేబు కోత ఉంది. కనుక మేము మీకు ఏనాడూ బీమా ఇవ్వలేదన్నదే మా అభిప్రాయం.

భవదీయుడు,
లోవెల్ ప్రెంటిస్

తా.క. 1969 అచ్చులో ఎడమ కాలు అర అంగుళం పొట్టిగా ఉంది.

*

మార్చి 30

ప్రెంటిస్ బాబుకు,

పొట్టిగా ఉన్నది క్లైడ్ కాలే, నా కత్తిరింపు కాదు.

ఏనాడూ ఇవ్వలేదంటే మనసు చివుక్కుమంది. 1971లో నేను మేయరు గారి నల్ల కోటు ఇస్త్రీపెట్టెతో కాల్చేశాను. ఆయన కొట్టు ముందు నిలబడి నా ఏడు తరాలనూ తిట్టాడు. అప్పుడు మీ కంపెనీయే పరిహారం ఇచ్చి నా పరువు కాచింది. అంత మంచి కంపెనీకి ఇంత మతిమరుపా? లేక మతి పోయింది నాకేనేమో. ముసలిదాన్ని, పైగా ఆ వంకాయలు తిన్నదాన్ని.

స్టమాటియా

తా.క. వేలం ఏప్రిల్ చివర్లో అట. పిల్లిని తీసుకుంటానని ఓడెల్ అన్నాడు. నన్ను తీసుకుంటానని మాత్రం అనలేదు.

*

ఏప్రిల్ 8

శ్రీమతి వ్రూట్సిస్ గారికి,

మీ కథనం నిండా తప్పులే. అది మేయరు కోటు కాదు, జడ్జి హార్‌గ్రోవ్ గారి భార్య కోటు. నల్లది కాదు, గోధుమరంగు నక్కతోలుది. కాలలేదు, కుంచించుకుపోయింది. గోదాములోని పాత రిజిస్టరు స్వయంగా తెప్పించి చూశాను. 1971 అక్టోబరు 14న వ్రూట్సిస్ క్లీనర్స్ బాధ్యత పాలసీ కింద పరిహారం చెల్లించినట్టు స్పష్టంగా ఉంది. ఆ పాలసీ 1962 నుంచి 1984 వరకు ఏటా పొడిగించినట్టు కూడా ఉంది. దయచేసి ఇకముందు వాస్తవాలు సరిచూసుకుని రాయించగలరు.

భవదీయుడు,
లోవెల్ ప్రెంటిస్

తా.క. పాలసీ నంబరు మీరు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. అది 4417-బి.

*

ఏప్రిల్ 13

ప్రెంటిస్ బాబుకు,

మీ ఉత్తరం రొవేనాకు చూపించాను. చదివి, కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ చదివింది. పాలసీ ఉన్నట్టు నంబరుతో సహా కంపెనీయే రాసి ఇచ్చిందట. ఇక జేబు కోతలతో పని లేదట. వేలం ఆపించింది. ఇక రాష్ట్రం వాళ్ళు మాట్లాడేది మీతోనే. నకలు జతచేశాను. అసలు నా దగ్గరే ఉంది. ఈ కాగితం కత్తిరించను.

అది జడ్జి భార్య నక్కతోలు కోటేనని నాకు తెలుసు. కుదించింది నేనే కదా. మేయరు నా కొట్టు గుమ్మం ఏనాడూ ఎక్కలేదు. మొదట మీరు అంతస్తు దిద్దారు, తరవాత స్టాంపు దిద్దారు. సరే చూద్దామని పన్నెండు ముక్కలని చెప్పి పదకొండే పెట్టాను. లెక్కపెట్టారు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

నాదీ అదే జబ్బు బాబూ. వంకర కుట్టు కనిపిస్తే, అది ఎవరి ఒంటి మీదున్నా విప్పకుండా ఉండలేను. దాంతో ఎందరు గిరాకీలను పోగొట్టుకున్నానో. ఒకసారి పెళ్ళికొడుకును పీటల దాకా పోనివ్వకుండా ఆపాను.

మట్టి తవ్వడానికి వచ్చినప్పుడు మీరూ రండి. పంట్లాం కుట్టిపెడతాను. అచ్చు మాత్రం వార్తాపత్రికతో కోస్తాను.

తా.క. పన్నెండో ముక్క ఇందులో పెట్టాను. లెక్క సరిపోయింది, ఇక నిశ్చింతగా ఉండండి.

స్టమాటియా వ్రూట్సిస్ తన చేత్తో వేసిన గుర్తు: ×

సాక్షులు:
ఓడెల్ ట్రాస్క్, పక్కింటివాడు, ఒకే ఒక్క స్టాంపు అతికించినవాడు
రొవేనా పైక్