చివరి కుర్చీ

ఏమండీ,

మీకు నా వందనాలు. ఇక్కడ నేను, పిల్ల, మామయ్యగారు ముగ్గురం బాగున్నాం. మీరిప్పుడు ఏ సముద్రం మీద ఉన్నారో తెలియదు గాని, ఎక్కడున్నా వేళకి తిని, ఒంట్లో బాగుంటే నాకదే చాలు. ఈ ఉత్తరం మీ ఓడ తర్వాతి రేవు చేరేసరికి అందుతుందని కంపెనీ గుమాస్తా అన్నాడు. అతని మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

మీరడిగినవాటికి వరసగా చెప్తాను. పిల్లకి దగ్గు తగ్గింది. వంటింటి పైపు కారడం తగ్గలేదు. బాగుచేయడానికి వచ్చినవాడు కాసేపు దాన్ని చూసి, జాలిపడి వెళ్ళిపోయాడు. మామయ్యగారి కుడిపాదం మీద పుండు మానుతోంది, షుగరు కదా, నెమ్మదిగా. నర్సు వచ్చి కట్టు మారుస్తోంది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే ఉన్నారు. గుడిలో ఫాదర్ చేతి సత్ప్రసాదం తీసుకోవడానికి లైన్లో నిలబడి కూడా "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి" అంటున్నారు. బస్సు దిగి ఇన్నేళ్ళయినా ఆయనకి కండక్టరు ఉద్యోగం వదల్లేదు.

పవిత్ర గురువారం నాన్నగారిని కూర్చోబెట్టారా, ఫాదర్ ఆయన కాలు కడిగారా అని ఒకే ఉత్తరంలో రెండుసార్లు అడిగారు. చెప్తాను. ముందు మన గుడి పెద్దల ఘనకార్యం వినండి.

ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినందుకు గుర్తుగా ఫాదర్ పన్నెండుమంది కాళ్ళు కడగాలి, అది చూసి మనం వినయం నేర్చుకోవాలి. మనవాళ్ళు ఆ వినయం కోసం కొట్టుకు చస్తారు. మన గుడిలో కుడికాలొక్కటే కడిగే ఆనవాయితీ కనక కుడికాలొక్కటే తోముకొస్తారు. సంఘం పెద్ద, అదే మన టైల్స్ షాపాయన, సెలూన్‌కి వెళ్ళి గోళ్ళు తీయించుకుని, క్రీము పట్టించుకుని మరీ వస్తాడు. ఎడమకాలు బూటులోనే ఉంటుంది, దాని ఖర్మ దానిది. నిరుడు ఒకాయన పౌడరు కొట్టుకొచ్చాడు. నీళ్ళు పడగానే అది పిండిలా ముద్దకట్టింది. పాపం ముసలి ఫాదర్, పద్ధతి ప్రకారం దాన్నే ముద్దుపెట్టుకున్నారు. ఆయన బదిలీ అడిగి వెళ్ళిపోయింది అందుకేనని నా అనుమానం.

కుర్చీల గొడవ మీకు తెలిసిందే. పీఠానికి దగ్గరగా ఉన్నది పేతురు కుర్చీ అట, అది అందరికీ కావాలి. స్తంభం పక్కన ఉన్న చివరిదానికి ప్రభువుని పట్టిచ్చిన యూదా కుర్చీ అని పేరు పడింది కాబట్టి అది ఎవరికీ అక్కర్లేదు. ఏటా మామయ్యగారే వెళ్ళి అందులో కూర్చునేవారు. "యూదా కాళ్ళు కూడా కడిగారుగా ప్రభువు! ఎవరో ఒకరం కూర్చోవద్దా?" అనేవారు. అందరూ వద్దన్న ఆ కుర్చీని కూడా ఈసారి ఆయనకి లేకుండా చేశారు.

మీటింగు రోజు నేను సామాన్ల గదిలో పీఠం గుడ్డలు ఇస్త్రీ చేస్తున్నాను. పక్క గదిలోనే మీటింగు, మధ్యలో తలుపు తీసే ఉంది.

"పెద్దాయన్ని ఈసారి వదిలేద్దాం ఫాదర్. కట్టు విప్పితే జనానికి ఇబ్బంది. చూడ్డానికి బాగోదు," అన్నాడు టైల్స్ షాపాయన.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లోపలికి వెళ్ళాను. "ఎడమకాలు బాగానే ఉందిగా, అది కడగొచ్చుగా?" అన్నాను.

నేనేదో బూతు మాట అన్నట్టు అందరూ బిగుసుకుపోయారు. పాటల జట్టు పెద్దావిడ, మనం 'మైకు' అని పిలుచుకుంటామే, ఆవిడ తేరుకుని, "పద్ధతి అంటూ ఒకటుంది కదమ్మా," అంది. పద్ధతట! పాట అయిపోయాక కూడా మైకు వదలని మనిషి. కొత్త ఫాదర్ వైపు చూశాను. ఆయన ఫ్యాన్ వైపు చూశారు. "పెద్దలు ఎలాగంటే అలాగే," అన్నారు. కుర్రవాడు, గడ్డం కూడా సరిగా రాలేదు, అప్పుడే తప్పించుకోవడం మాత్రం బాగా వచ్చేసింది. కడిగిన కాళ్ళని మళ్ళీ కడగడానికి ఇంతమంది, ఇంత మీటింగు, మధ్యలో టీలు, బిస్కెట్లు.

ఇక్కడిదాకా చదివి మీకు వాళ్ళమీద కోపం వచ్చి ఉంటుంది. ఇప్పుడు నామీద రావాల్సింది రాస్తాను.

నా మొహం చూసి టైల్స్ షాపాయన గొంతు తగ్గించాడు. "ఈసారి ఆడవాళ్ళని కూడా కూర్చోబెడదామని ఫాదర్ అంటున్నారమ్మా. మీ ఇంటి కుర్చీ మీ ఇంట్లోనే ఉంటుంది. నువ్వు కూర్చో," అన్నాడు. నోరు మూయించడానికే అన్నాడని నాకు తెలుసు. సరేనన్నాను. ఇష్టం లేకుండా అన్నానని రాస్తే అబద్ధమవుతుంది. ఇన్నేళ్ళు ఆ గుడి తుడిచాను, ఎవడెవడి చెప్పుల మట్టో ఎత్తిపోశాను. ఒక్కనాడు కూడా నన్ను ముందుకి వచ్చి కూర్చోమన్నవాళ్ళు లేరు. కూర్చోమనేసరికి లోపల పొంగిపోయాను. వాళ్ళని ఇన్ని మాటలు అన్న నేనే దారిలో ఆగి మడమలు రుద్దే రాయి కొనుక్కున్నాను.

మామయ్యగారితో మాత్రం, ఈసారి అంతా పడుచువాళ్ళనే పెడుతున్నారట అని చెప్పాను. ఆయన "మంచిదే" అని పేపరు తిరగేశారు. నా పేరు ఎత్తలేదు నేను.

గురువారం మధ్యాహ్నం పెరట్లో కూర్చుని మడమలు రుద్దుకుంటున్నాను. ఆయన వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుని కుంటుకుంటూ వచ్చారు. నాకేసి చూడకుండా నా ఎదురుగా పీట వేసుకుని, కట్టు కట్టిన కాలు పక్కకి చాపుకుని కూర్చున్నారు.

"కాళ్ళిలా పెట్టు."

"మామయ్యా! ఏంటిది, లేవండి!"

"కదలకు, నీళ్ళు ఒలుకుతాయి." నా పాదం పట్టుకుని గిన్నెలో పెట్టేశారు. కన్నతండ్రి కూడా నా కాళ్ళు ముట్టుకుని ఎరగడు.

"నేను కూర్చుంటున్నానని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"మైకు. ఆదివారం గుడి మెట్లమీద నిలబడి వీధంతటికీ చెప్పింది."

"కోపం రాలేదా?"

"రాకేం? నాలుగు రోజుల్నుంచీ నీతో సరిగ్గా మాట్లాడలేదు. నువ్వు గమనించలేదు, మడమల పనిలో ఉన్నావు."

ఏడుపొచ్చింది నాకు. మానేస్తానన్నాను, వెళ్ళి ఫాదర్ మొహానే చెప్పేస్తానన్నాను. ఆయన వేళ్ళ సందులు కూడా వదలకుండా కడుగుతూనే ఉన్నారు. "వెళ్ళు. నువ్వు మానేస్తే వాళ్ళు ఆ కుర్చీ తీసి గోడవారన పెట్టేస్తారు. పైగా మా కోడలు మురికి కాళ్ళతో వచ్చిందంటే నాకు నామోషీ," అన్నారు. భుజం మీది తువ్వాలుతో తుడిచారు. పీట మీంచి లేవలేకపోతే నేనే చంకల్లో చేతులు వేసి లేపాను. బరువు బాగా తగ్గారండీ.

వెళ్ళాను. కూర్చున్నాను. ఫాదర్ వచ్చి మోకరించి, చెంబుతో నీళ్ళు పోసి, తువ్వాలుతో అద్ది, ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయారు. అందరూ నావైపే చూశారు. ఇన్నాళ్ళూ నాకు కావలసింది అదే కదా. నాకు మాత్రం కాలు కాస్త చల్లబడినట్టు తెలిసిందంతే. దాన్ని అప్పటికే ఒకరు కడిగారు.

తిట్టాలనిపిస్తే తిట్టండి. మామయ్యగారికి మాత్రం తొందరగా రాయండి.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు