చేయని తప్పుకు సంతకం

అక్కా, చేతిరాత వంకర, తప్పులు బోలెడు, సర్దుకుని చదువుకో. ఫోను చేస్తే ఈయనకి వినబడుతుందని కార్డు రాస్తున్నాను.

మీ మరిది జావా అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాంతో ఊరూరి మందుల షాపులు ఒకే డేటాబేసు వాడుకుంటాయి. ఒక షాపు పనయ్యాక కనెక్షన్ వదిలితేనే ఇంకో షాపుకి దొరుకుతుంది. ఈయనతోపాటే పనిచేసే మేనేజరు బామ్మర్ది తాను రాసిన భాగంలో అలా వదిలించడం మరిచాడు. షాపులన్నీ ఆగిపోయాయి. నింద మాత్రం ఈయన మీద! తప్పు తనదేనని వచ్చే వారం సంతకం పెడతారట. ఆ కాగితం చూపించే ఆఫీసువాళ్లు ఈయన ఉద్యోగం ఊడపీకుతారు.

"పోనీలే, వాడికి కొత్తగా పెళ్లయింది" అంటారు ఈయన.

"మరి మీకు కాలేదా?" అని అరిచాను.

బావగారి చేత, బయట ఎక్కడో విన్నట్టుగా, సంతకం వద్దని చెప్పించు, ఆయన మాటైతే ఈయన వింటారు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు.

చదవగానే కార్డు కాల్చెయ్. నేను అరిస్తే ఈయన నవ్వేశారు గానీ, నీకు చెప్పానని తెలిస్తే తలెత్తుకోలేరు.