కన్నం మూసేముందు

మే 27
చిన్నిని గుడివాడలో అమ్మ దగ్గర దింపి వచ్చాను. బస్టాండులో నా చున్నీ పట్టుకుని ఒకటే మాట... "గోడ మూశాకే నన్ను తీసుకెళ్ళు. పాము లోపల ఉంటే మాత్రం మూయద్దు, దానికి ఊపిరాడదు." ఏడేళ్ళ పిల్ల. రెండు షరతులూ సబబుగానే ఉన్నాయి. రెండూ కలిపితేనే చిక్కు.

మే 28
అసలు సంగతి నిన్న రాసే ఓపిక లేదు. సోమవారం పొద్దున చిన్ని గదిలో పాము. గది అంటే, హాలుకి అడ్డంగా జిప్సం బోర్డు పెట్టించి చేసింది. అత్తయ్య మొదటిరోజు నుంచీ దాన్ని అట్టగోడ అనే అంటుంది. ఆ గోడలోకే దూరింది, స్విచ్‌బోర్డు కింద సందులోంచి. తోక నేనూ చూశాను. ఏ పామో తెలియదు. పక్కింటి శేషు బాబాయి గునపం పట్టుకొచ్చాడు. "తప్పుకో అమ్మాయ్, ఒక్క నిమిషం పని." రెండు పోట్లు. టీవీ పట్టేంత కన్నం. లోపల రేకు బద్దలు, బొద్దింకలు, చిన్ని ఎప్పుడో దూర్చిన ఐస్‌క్రీం పుల్ల... పాము లేదు. పోవడం ఎవరూ చూడలేదు.
బాబాయి అప్పటినుంచి మా ఇంటివైపు రావడం లేదు.

మే 29
గోడ కట్టిన బందరు మేస్త్రికి ఫోన్. "పాము పోయిందా మేడం?" తెలియదండీ అన్నాను. "అయితే పోయాక చెప్పండి." మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. పోయిందని ఒక్క అబద్ధం ఆడితే ఈపాటికి పని అయిపోయేది. నా ఖర్మ.
మనమే చేసుకుందాం అంటే అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. "స్వామిని లోపల పెట్టి గోడ మూస్తావా? మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి పక్కనే పెట్టుకుని?" ముడుపు కూడా కట్టేసింది. పాము ఆయన. కన్నకొడుకు మురళి మాత్రం వాడు.

మే 30
పడుకోబోయే ముందు కన్నం కింద ముగ్గుపిండి పల్చగా చల్లాను. స్విచ్‌బోర్డు కింద కూడా. పాకితే గీత పడుతుంది కదా. అత్తయ్యకి ఈ ఉపాయం నచ్చింది. పిండి తనే జల్లించి ఇచ్చింది.

మే 31
బల్లి పాదాలు. చీమలు.

జూన్ 1
మళ్ళీ బల్లే.
చిన్ని ఫోన్లో — "పోయిందా?" తెలీదు నాన్నా అన్నాను. "అయితే నేను రాను." పెట్టేసింది. అన్నం సయించలేదు. దాని చెప్పులు గుమ్మం దగ్గర అలాగే ఉన్నాయి. బడి తెరిచేలోపు తీసుకురావాలి. ఇంతకుముందెప్పుడూ నన్ను వదిలి ఇన్నాళ్ళు లేదు.

జూన్ 2
అత్తయ్య గది ఊడవబోయి ఫ్యాను వేసింది. పిండి మంచం మీద, పుస్తకాల మీద, నా నెత్తిన. ఒకవేళ రాత్రి వెళ్ళి ఉన్నా ఇక తెలిసే దారి లేదు. "వెళ్ళే ఉంటుందిలే" అంటాడు మురళి. ఉంటుందిలే అనుకుని పిల్లని పడుకోబెట్టలేను.

జూన్ 3
చిన్న అద్దం కర్రకి కట్టి లోపలికి పెట్టి చూశాను. మురళి టార్చి పట్టాడు, గుమ్మం అవతల నిలబడి. "అక్కణ్ణుంచి వెలుగు ఎక్కడ పడుతుంది?" అంటే "గోడ మీద పడుతోందిగా" అన్నాడు. రేకు బద్దల వెనక చీకటి. అటు వైర్ల కోసం పెట్టిన రంధ్రాలున్నాయి. అటు వెళ్ళిందంటే గోడ మొత్తం పీకాలి.

జూన్ 4
మురళి ఆఫీసు నుంచి వస్తూ బందరులో బోర్డు ముక్క, స్క్రూలు, పుట్టీ, అతికించే వల టేపు తెచ్చాడు. బస్సులో ఎవరో కూర్చుని బోర్డు మూల విరిచారట. ఫర్వాలేదు, సరిపోతుంది. అత్తయ్య వాటి వంక చూడలేదు. చిన్నితో ఫోన్లో ఈ వారమంతా ఒకటే మాట... "ఎప్పుడొస్తావే బంగారం?"

జూన్ 5
పొద్దున్నే అత్తయ్య పేపరు మీద కుబుసం తెచ్చి నా ముందు పెట్టింది. అప్పటికే పసుపు, కుంకుమ వేసేసింది. "పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనక దొరికిందమ్మాయ్. వెళ్ళిపోయాడు. ఇంక మూసేసుకో."
ఇంతా అంతా కాదు ఊరట. తర్వాత దగ్గరగా చూశాను. మడతల్లో ఎండుగడ్డి పరకలు. మా పెరడంతా సిమెంటు. నిన్న సాయంత్రం ఈవిడ పిడకలకని వెంకాయమ్మగారి గడ్డివాము దగ్గరికి వెళ్ళి చాలాసేపు రాలేదు.
అడగలేదు. ఆవిడ చిన్ని గౌనులు మడతపెడుతూ నావైపు తలెత్తలేదు.

జూన్ 6
స్కేలు పెట్టి కన్నం చుట్టూ గీసి, కట్టరుతో చతురస్రంగా కోశాను. బళ్ళో పిల్లకాయలకి చెప్పే లెక్కలు ఇవాళ పనికొచ్చాయి. ముక్క నిలవాలంటే వెనక చెక్క బద్దలు బిగించాలి, అంటే చెయ్యి మోచేతిదాకా గోడ లోపలికి పెట్టాలి. పెట్టాను.
గుమ్మంలో అత్తయ్య — "అమ్మాయ్, ఆ ఎడమవైపు పెట్టకు. నెమ్మది."
"వెళ్ళిపోయాడన్నారుగా అత్తయ్యా?"
"అన్నాను. అయినా..."
బద్దలు రెండూ బిగిశాయి. ముక్క కొంచెం పెద్దదయింది, అంచు చెక్కి కూర్చాను. ఆఖరి స్క్రూ బిగించేముందు కాసేపు ఆగాను. ఏమీ వినపడలేదు. బిగించేశాను. స్విచ్‌బోర్డు కింద సందు కూడా పూడ్చాను.

జూన్ 7
తొందరపడి పుట్టీ మందంగా పూశాను. పొద్దుటికి బీటలు. గీకి, టేపు మీద మళ్ళీ పల్చగా. ఈ ఉక్కలో ఆరదు.

జూన్ 8
రెండో పూత.

జూన్ 9
గరుకు కాగితంతో రుద్దుడు. ఇల్లంతా తెల్లటి దుమ్ము. ముగ్గుపిండి రోజులే నయం.

జూన్ 10
ప్రైమరు, రంగు. పాత రంగుతో కలవలేదు, ఒక ఛాయ ఎక్కువ పసుపు. "అసలు కనపడట్లేదు" అన్నాడు మురళి, కళ్ళజోడు తీసేసి.

జూన్ 11
చిన్ని వచ్చింది. భుజం మీది సంచైనా దించకుండా గదిలోకి వెళ్ళి గోడకి చెవి ఆనించింది. వేలితో తట్టింది. "పోయిందా అమ్మా?"
నేను నోరు తెరిచేలోపే అత్తయ్య కుబుసం తెచ్చింది. "ఇదిగో, చొక్కా విడిచి మరీ వెళ్ళాడు." చిన్ని దాన్ని అరచేతుల్లో పట్టుకుని నావైపు చూసింది. "నిజంగానా అమ్మా?"
"నానమ్మకి దొరికింది" అన్నాను. అంతవరకు అబద్ధం కాదు. పిల్ల నమ్మేసింది. నాకు సిగ్గేసింది.
హాల్లో ఉక్కగా ఉందంటూ అత్తయ్య తన మడతమంచం చిన్ని గదిలోకి లాక్కుంది. ఉక్క రెండు చోట్లా ఒకటే. మంచం సరిగ్గా అతుకు పక్కనే వేసుకుంది. గోడకీ చిన్నికీ మధ్య తను.

జూన్ 12
బడి తెరిచారు. చిన్నికి జడలు వేసి పంపాను. నాకు రెండో పిరియడ్ నుంచి క్లాసు.
వెళ్ళేముందు గది ఊడుద్దామని అత్తయ్య మంచం జరిపాను. కింద తెల్లగా, గోడ పొడవునా, పల్చగా జల్లించిన ముగ్గుపిండి. గుర్తులేమీ లేవు... బల్లివి కూడా.
మంచం మళ్ళీ ఎలా ఉందో అలా జరిపేశాను. అక్కడ ఊడవలేదు.