మెల్లగా చల్లార్చాలి

మార్చి 3, సోమవారం

ఈ ఫిల్మ్ కూడా పోయింది. పైకి అద్దంలా ఉంది. వోల్టేజ్ పెట్టగానే జల్లెడలా కరెంటంతా కార్చేసింది. మెమరీ చిప్‌లో వాడాల్సిన ఆక్సైడ్ పొర ఇది. కరెంటు ఆపేసినా, చివరిసారి వోల్టేజ్‌తో ఎటు తిప్పామో గుర్తుంచుకోవాలి. నావి ఏవీ గుర్తుంచుకోవు.

నెలాఖరు దాకా చూద్దాం, ఆ తర్వాత ఈ పొరలు పెంచే ఛాంబర్ పక్క గ్రూప్‌కి ఇచ్చేయాల్సి వస్తుంది అన్నారు మా గైడ్ మేడమ్. కోప్పడినా బాగుండేది. భుజం తట్టారు.

మార్చి 6, గురువారం

ఛాంబర్‌ని మౌనితో పంచుకోవాలి. జూనియర్. నోరు విప్పడం అరుదు, అందుకే ఆ పేరు. నిన్న నేను లేనప్పుడు లేజర్ లెన్స్ తుడిచాడట. నా సెటప్ ముట్టుకోవద్దని అందరి ముందూ కసిరాను. సరే అక్కా అన్నాడు. ఆ సరేతో ఇంకా ఒళ్ళు మండింది.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం

లేజర్ నడుస్తోంది. దెబ్బ పడ్డప్పుడల్లా ఆక్సైడ్ బిళ్ళ మీంచి ఊదారంగు మంట లేస్తుంది. ఆ ఆవిరే ఎదురుగా ఉన్న వేడి స్ఫటికం మీద పొరగా కూర్చుంటుంది. ఇన్నేళ్లయినా ఛాంబర్ కిటికీలోంచి చూడకుండా ఉండలేను.

అదే రోజు, సాయంత్రం

లేజర్ ఆపానో లేదో, క్రెష్ నుంచి ఫోన్. పాప ఒళ్ళు కాలిపోతోందని. మా ఆయన ఊళ్ళో లేరు. పరుగెత్తాను. వైరల్, భయం లేదన్నాడు డాక్టర్. ఇప్పుడే నిద్రపోయింది.

హీటర్ ఆపకుండా వచ్చేశాను. మౌనికి ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.

మార్చి 13, గురువారం

నా శాంపిల్ డబ్బాలో ఉంది. మౌనే తీశాడు. ఛాంబర్ నిండా ఆక్సిజన్ వదిలి, మెల్లగా చల్లార్చాడట. నేను వాక్యూమ్‌లో గబగబా చల్లారుస్తాను. నా పాత పదార్థానికి అదే మంచిది. ఆ అలవాటే దీనికీ లాక్కొచ్చాను. ఎవరు చేయమన్నారని అరిచాను.

మీ ఫోన్ కలవలేదక్కా, అలా వేడి మీద వదిలేయడానికి మనసొప్పలేదు, నావన్నీ ఇలాగే చల్లారుస్తాను అన్నాడు. ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ వినలేదు. తర్వాత, పాపకెలా ఉంది అన్నాడు.

తగ్గిందని చెప్పి, డబ్బా తీసుకుని కొలిచే బల్ల దగ్గరికి వెళ్ళాను.

మార్చి 14

కరెంటు కార్చలేదు.

మార్చి 17, సోమవారం

మళ్ళీ మళ్ళీ కొలిచాను. గుర్తుంచుకునే పొరకి రావాల్సిన లూప్ స్క్రీన్ మీద చక్కగా తెరుచుకుంది. కరెంటు ఆపేసి, టీ తాగి వచ్చి చూశాను. మర్చిపోలేదు. నా పద్ధతిలో ఆక్సిజన్ చాలక పొరలో ఖాళీలు పడేవి, ఆ సందుల్లోంచే ఇన్నాళ్లూ కరెంటు జారిపోయింది.

మేడమ్ మొహం వెలిగిపోయింది. ఏం మార్చావు అని అడిగారు. మెల్లగా చల్లార్చాను అని నోటిదాకా వచ్చింది. నేను కాదు మేడమ్, మౌని అన్నాను. అతన్ని పిలిచి, మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అన్నారు. అక్క అడగలేదు అన్నాడు. మేడమ్, నేనూ పగలబడి నవ్వాం. అతను నవ్వలేదు.

మార్చి 20, గురువారం

ఒక్కటే వస్తే అదృష్టం అంటారు. అందుకని నేనూ మౌనీ కలిసి ఇంకో పొర పెంచాం. చల్లారేదాకా పక్కపక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అతనికీ ఒక పాప ఉందని ఇవాళే తెలిసింది.

ఇదీ పని చేసింది. ఛాంబర్ ఎక్కడికీ పోదన్నారు మేడమ్.

మార్చి 25, సాయంత్రం

ఛాంబర్ అక్కడ చల్లారుతోంది, మౌని చూసుకుంటున్నాడు. నేను ఇక్కడ పాప జుట్టు చిక్కు తీస్తున్నాను. ఫోన్ ఎక్కడ పెట్టానో.