కోడికాళ్ళ కుర్చీలు

కొండాపూర్

ప్రియమైన రత్నమాలా,

మీ చెల్లెలి మోకాలు ఎలా ఉంది? ఫోన్‌లో నాకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు చెప్పవు. అందుకే ఈ ఉత్తరం.

మనం మారబోయే ప్రగతి నగర్ ఫ్లాటులో మన భోజనాల బల్ల పట్టదని తేలింది. గుమ్మంలోంచే పోదు. అమ్మక తప్పదు. రసజ్ఞ అనే అమ్మాయి శనివారం వస్తుంది. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటరు పని, సెలవు రోజుల్లో పాత సామానుకు విలువ కట్టడం. రెండు వందల ఏళ్ళ నాటి దొరల బల్ల, ఎనిమిది కుర్చీలు, గద్దగోళ్ళు గుండును పట్టుకున్నట్టుండే ఆ కాళ్ళు చూస్తే ఆ అమ్మాయికి మాట పడిపోతుంది.

ముప్ఫై ఏళ్ళ కిందట నన్ను సస్పెండ్ చేసిన ఎనిమిది నెలలూ, నాన్నగారిచ్చిన వాటిలో ఒక్క చెంచా అమ్మకుండా ఈ బల్ల మీదే తలెత్తుకుని తిన్నాం. ఇప్పుడు అమ్మడం మన ఇష్టంతో. అదే తేడా.

నీ
నరసింహమూర్తి

విజయవాడ

ప్రియమైన శ్రీవారికి,

చెల్లి నాలుగడుగులు వేస్తోంది. ఫ్రిజ్‌లో పిండి ఈపాటికి పులిసిపోయి ఉంటుంది, పారబోయండి.

బల్లకు విలువ కట్టించడం ఎందుకండీ? పోనీ ఎవరికైనా ఊరికే ఇచ్చేద్దాం. ఆ అమ్మాయిని రావద్దనండి. తప్పకపోతే బల్ల ఒక్కటే చూపించండి. కుర్చీలు తిరగేయనివ్వకండి, కీళ్ళు వదులు.

మీ
రత్న

కొండాపూర్

ప్రియమైన రత్నమాలా,

నీ ఉత్తరం సోమవారం అందింది. రసజ్ఞ శనివారమే కుర్చీలన్నీ తిరగేసింది.

రెండు వందల ఏళ్ళ మాట అబద్ధమట. పాత ఇంగ్లీషు ఫ్యాషన్ మీద మళ్ళీ మోజు పుట్టినప్పుడు, వందేళ్ళ కిందట మద్రాసులో బర్మా టేకుతో చేసినవట. "అయినా మంచి ధరే పలుకుతుంది అంకుల్," అంది. నాన్నగారు పొరబడ్డారు, సరే.

అసలు సంగతి వేరే ఉంది. ఆ వందేళ్ళవి బల్ల, రెండు కుర్చీలు మాత్రమే. మిగతా ఆరూ ముప్ఫై ఏళ్ళవి. పాతవాటి మరలకు తల మీద ఒకటే గీత, వీటికి ప్లస్ గుర్తు. రెండింటికే గద్దగోళ్ళు, ఈ ఆరింటికీ కోడికాళ్ళు. ఇన్నేళ్ళూ వాటి మధ్యే కూర్చుని తిన్నాను, నాకు కనపడలేదు.

ఆ ఆరు కుర్చీలు ఇల్లు దాటింది ఒక్కసారే, నువ్వు మూసాపేట వడ్రంగి వీరేశానికి పాలిష్‌కు ఇచ్చినప్పుడు. నిన్న అతని దుకాణానికి వెళ్ళి, గిరాకీల ముందే దొంగ అన్నాను. తల వంచుకుని రంపం లాగుతూనే ఉన్నాడు. పోలీసు ఫిర్యాదు సిద్ధం చేశాను. పాలిష్‌కు ఇచ్చిన తేదీ రాసి పంపు, అందులో వేయాలి.

నీ
నరసింహమూర్తి

విజయవాడ

ప్రియమైన శ్రీవారికి,

తేదీ అడిగారు. మిమ్మల్ని సస్పెండ్ చేసిన నాలుగో నెల. వచ్చే సగం జీతం అత్తయ్యగారి మందులకే సరిపోయేది. డబ్బాలో బియ్యం లేవు. నాన్నగారి సామాను మీద చెయ్యి వేస్తే ఈ ఇంట్లో అన్నం ముట్టనని మీరన్నారు.

ఆ ఆరు కుర్చీలు అమ్మింది నేను. కొనేవాళ్ళను తెచ్చింది, అలాంటివే ఆరు చేసి ఇచ్చింది వీరేశం. కూలి తీసుకోలేదు. మీకు చెప్పనని నాకు మాటిచ్చాడు. మొన్న మీరు అన్నన్ని మాటలూ అందుకే పడ్డాడు.

ఆ రోజుల్లో మీరు అంత దర్జాగా కూర్చుంటే చెప్పలేకపోయాను. తర్వాత భయం వేసింది. కోపం నా మీద తీర్చుకోండి. ముందు మూసాపేట వెళ్ళండి. గిరాకీలు ఉన్న వేళే వెళ్ళండి.

మీ
రత్న

కొండాపూర్

ప్రియమైన రత్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఫిర్యాదు చించేసి మెట్రో ఎక్కాను.

దుకాణంలో నలుగురున్నారు. వాళ్ళకు వినపడేలా తప్పు నాదని చెప్పాను. వీరేశం రంపం ఆపాడు.

"అమ్మ చెప్పిందా సార్?"

"చెప్పింది."

"గట్లయితే ఇగ నాకు ఫికర్ లేదు. కూసోండ్రి," అని స్టూలు జరిపాడు.

కోడికాళ్ళ సంగతి అడిగాను.

"గద్ద నాకేడ దొరుకుతది సార్? మా ఇంట్ల కోడిని పట్టుకొని సూసుకుంట చెక్కిన. అమ్మిన ఆరు అప్పటికే పాయె, మిగిలిన రెండు మీ ఇంట్లనే ఉండె గద. అవి గూడ తెస్తే మీకు అనుమానమొస్తదని అమ్మ ఇయ్యలే."

బల్లనూ ఆ రెండు కుర్చీలనూ రసజ్ఞ చెప్పిన ధరకు ఇచ్చేశాను. ఆ పూట అన్నం మానలేదు. కోడికాళ్ళ ఆరూ మనతో వస్తాయి. వాటికి సరిపడే చిన్న బల్ల వీరేశం చేస్తున్నాడు. కాళ్ళు ఎట్లా చెక్కమంటారని అడిగితే, కోడివే అన్నాను. ఈసారి కూలి తీసుకుంటానని ఒప్పుకున్నాడు.

ఆ ఆరింటిలో ఏది కావాలో నువ్వు వచ్చి ఎంచుకో. అప్పటిదాకా నేను దేని మీదా కూర్చోను.

నీ
మూర్తి