టిప్పర్ వెనక రాసిన మాట

మిట్టేమరి

చిరంజీవి రక్షితకు మీ నాయన ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అమ్మ, ఈనిన మేక, దాని పిల్లలూ బాగున్నాం. పోలీసు ట్రైనింగులో ఫోన్లు ఇవ్వకపోవడం మాకు మంచిదే అయింది. నీ ఉత్తరాన్ని మీ అమ్మ పదే పదే చదివించుకుని మడతల దగ్గర చింపేసింది. కాళ్ల బొబ్బలకు కొబ్బరినూనె రాసుకోమంటోంది.

ఇక నువ్వడిగిన సంగతి. నీ ట్రంకు పెట్టె మీద నేను రాసి పంపిన 'నేను తల వంచేది దువ్వుకునేటప్పుడే' అన్న మాట చెరిపెయ్యమని మీ మేడం చెప్పిందన్నావు. ఏం చెయ్యమంటావు నాయనా అన్నావు. ముందు ఇక్కడ జరిగింది విను.

వెంకటేశప్ప కొత్త టిప్పర్ కొన్నాడు. మన గుట్టను పగలగొట్టి కంకర తోలేది ఆయనే. ఆయన షెడ్డులోనే పని చేసుకుంటూ, ఆయన బండ్లన్నిటికీ పేరు, పూలు, వెనక ఒక మంచి మాట రాసేది నేనే కదా. "నీకు తోచింది రాయప్పా" అని చెప్పి పోయాడు. తల ఎత్తి చూస్తే, చిన్నప్పుడు నువ్వు సీతాఫలాలు కోసుకొచ్చిన వైపు గుట్టే లేదు. నాకు ఒళ్లు మండింది. బ్రష్షు తీసుకుని రాసేశాను: 'కొండను మోసుకుపోగలను, తిరిగి నిలబెట్టలేను.'

బాగేపల్లి దాకా జనం చదివారు, ఫొటోలు తీసి ఫోన్లలో పంపుకున్నారు. మరునాడే వెంకటేశప్ప ఊగిపోతూ వచ్చాడు.

"నా బండి మీదే నన్ను తిడతాండావా? చెరుపు!"

"తిట్టు యాడ ఉండాదప్పా? బండి చేసే పనే రాసినా."

"చెరపకుంటే నా షెడ్డు వదిలి పో."

"షెడ్డు నీదే, తీసుకో. నా చేత్తో మాత్రం చెరపను."

అంతా బాగున్నామని పైన రాశాను గానీ, షెడ్డు పోయింది. ఆయన బండ్ల పనీ పోయింది. నీకు చెప్పొద్దని మీ అమ్మ ఒట్టు పెట్టింది. రెండు రోజులు భయంతో అన్నం దిగలేదు, అబద్ధమెందుకు. ఇప్పుడు రంగు డబ్బాలు మన గడప ముందే పెట్టుకున్నాను. మొన్న చింతామణి నుంచి టమాటా బండి ఒకటి వెతుక్కుంటూ వచ్చింది. "కొండ మాట రాసినోడు నువ్వేనా అప్పా? నా బండికీ అట్లాంటిది ఒకటి రాయి" అన్నాడు డ్రైవరు. మీ అమ్మ అతనికి చక్కెర ఎక్కువ వేసి టీ ఇచ్చింది.

వెంకటేశప్ప ఇంకెవరితోనో నా మాట మీద నల్లరంగు పూయించాడు. రెండు వానలకే ఆ నలుపు లేచిపోయి కింద నా అక్షరాలు బయటపడ్డాయి. నేను రెండు పూతలు వేశాను మరి.

పెట్టె నీది, ఉద్యోగం నీది. చెరపమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఒకవేళ చెరపాలనుకుంటే మాత్రం ముందే తెలుసుకో తల్లీ, నీ పెట్టె మీద మూడు పూతలు వేశాను.

ఇట్లు,
నీ మొండితనానికి మూలమైన
మీ నాయన కృష్ణప్ప